మామిడిచెక్క బల్ల

నిన్న సాయంత్రం మా కోడలు ఫోను తెచ్చి నా కళ్ళ ముందు పెట్టింది. "అత్తయ్యా, వంటింటి పక్క మూలని ఇలా చేద్దామా? పొద్దున్నే నేనూ ఆయనా టిఫిను అక్కడే తింటాం" అంది. ఫోనులో గోడకి ఆకుల కాగితం, పైనుంచి వేలాడే దీపం, దాని కింద ఇద్దరు పట్టే బుల్లి బల్ల. ముచ్చటగానే ఉంది. "మరి ఈ పాత బల్ల తీసేద్దామా?" అని అడిగేసరికి మాత్రం ఫోను పక్కకి నెట్టేశాను. ఆ పిల్ల తప్పేముంది, ఆ బల్ల సంగతి తనకి ఎవరు చెప్పారు కనుక!

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజుల్లో ఆ మూల మనుషులది కాదు, మామిడికాయలది. మామయ్యగారు ముసునూరు వైపు తోటలు కౌలుకి తీసుకునేవారు. ఎండలు ముదిరాయంటే చాలు, అక్కడ వరిగడ్డి పరిచి, చిన్న రసాలు వరసగా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి మగ్గబెట్టేవారు. ఇల్లంతా అదే వాసన. చర్చికి కట్టుకెళ్ళిన చీరలో కూడా అదే. ముందు గది నిండా బేరగాళ్ళు. మామయ్యగారు వాళ్ళతోపాటే భోంచేసేవారు, అత్తయ్యగారు వడ్డించేవారు. అందరూ లేచాక ఆవిడ వంటింటి గడప దగ్గర పీటేసుకుని చల్లారిన అన్నం కలుపుకునేవారు. "ఇన్నేళ్ళ కాపురంలో మీ మామయ్యకి ఎదురుగా కూర్చుని ఒక్కపూట తిన్న పాపాన పోలేదే అమ్మాయ్" అని నవ్వుతూనే అనేవారు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

మోకాళ్ళు మొరాయించి మామయ్యగారు కౌళ్ళు మానేశాక ఆ మూల ఖాళీ అయింది. అంతే, అత్తయ్యగారికి ఎక్కడలేని హుషారూ వచ్చేసింది. గోడలకి లేత నిమ్మపండు రంగు వేయించారు. తన పాత వాయిల్ చీర కత్తిరించి కిటికీకి తెర కుట్టారు. కాయలు మోసిన వెదురు గంపని శుభ్రంగా కడిగి, బోర్లించి, బల్బుకి తొడిగారు. దీపం వేస్తే గోడలంతా గళ్ళు గళ్ళుగా వెలుగు పడేది. బజారుకెళ్ళి బల్ల మీద పరిచే ప్లాస్టిక్ గుడ్డ కూడా కొనుక్కొచ్చారు, దాని నిండా ఆపిల్ పళ్ళూ ద్రాక్షగుత్తులూ. "నూజివీట్లో ఉంటూ మామిడిపండు బొమ్మ దొరకలేదా అత్తయ్యా?" అని ఏడిపిస్తే, "మామిడిపళ్ళు చూసీ చూసీ నా కళ్ళు కాయలు కాశాయే, ఇవన్నా చూడనీ" అన్నారు. ఎవరెక్కడ కూర్చోవాలో కూడా ఆవిడే తేల్చేశారు. "మీరు కిటికీకేసి కూర్చోండి, పెరట్లో చెట్లు కనపడతాయి. నేను ఇటు కూర్చుంటా. నాకు మీరు కనపడితే చాలు." మామయ్యగారు సిగ్గుపడి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఇక మిగిలింది బల్ల. దాని దగ్గరే వచ్చింది చిక్కంతా. టేకుదో వేపదో అయితే వెంటనే చేసిస్తానన్నాడు వడ్రంగి. మామయ్యగారికి ఒళ్ళు మండింది. "మామిడిచెట్టు తిండి పెడితే బతికినోళ్ళం. మా ఇంట్లో బల్ల టేకుదేంటయ్యా?" అని, పెరట్లో గాలివానకి ఒరిగిన పాత చెట్టుని మిల్లులో పలకలు కోయించారు. మామిడి పచ్చిచెక్క పుచ్చిపోతుంది, బాగా ఆరాలి. పలకల మధ్య పుల్లలు పెట్టి వసారాలో పేర్చారు. రోజూ పొద్దున్నే కాఫీ తాగి వెళ్ళి, వేలి మెటికలతో పలకని కొట్టి, చెవి ఆనించి వినేవారు. "ఊఁహూఁ, ఇంకా పచ్చిగానే ఉంది." కాయ పండిందో లేదో చేత్తో తడిమి చెప్పే మనిషి, ఆయన మాట ఎవరు కాదంటారు? వానలొచ్చి పలకలు మళ్ళీ చెమ్మగిల్లాయి. "పోనీ ఈ క్రిస్మస్‌కన్నా ఏదో ఒక బల్ల వేయించండి" అని అత్తయ్యగారు బతిమాలారు. "ఒక్క వేసవి ఎండ తగలనీయవే, ఎక్కడికి పోతుంది?" అన్నారాయన. ఆవిడ ఆ ఆపిల్ పళ్ళ గుడ్డని నేల మీదే పరిచి, గంపదీపం కింద పీటేసుకుని, మోకాళ్ళ నొప్పితో మామయ్యగారు కింద కూర్చోలేరు కనుక, ఒక్కరే తినేవారు.

తోటలన్నీ పూత మీదున్న రోజుల్లో, ఓ మధ్యాహ్నం అత్తయ్యగారు గుండె పట్టుకుని కూలబడ్డారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

ఎండలొచ్చాయి. ఓ పొద్దున మామయ్యగారు పలక మీద కొట్టారు. ఖణేల్‌మంది. ఆ శబ్దం వంటింట్లో ఉన్న నాకూ వినపడింది. ఆయన వడ్రంగికి కబురు పెట్టారు. బల్లా రెండు కుర్చీలూ వచ్చాయి. ఆపిల్ పళ్ళ గుడ్డ నేనే పరిచాను. భోజనానికి పిలిస్తే ఆయన కిటికీకేసి ఉన్న కుర్చీలో కూర్చోలేదు. దాన్ని దాటి వెళ్ళి అత్తయ్యగారి కుర్చీలో కూర్చున్నారు. "మామయ్యగారూ, ఇటు కూర్చోండి. అక్కణ్ణుంచి ఏమీ కనపడదు" అన్నాను. ఎదురుగా ఉన్న తన ఖాళీ కుర్చీనే చూస్తూ "అవునమ్మా, ఏమీ కనపడట్లేదు" అన్నారు. ఉన్నన్నాళ్ళూ అక్కడే కూర్చుని తిన్నారు.

రాత్రి ఇదంతా చెబితే కోడలు కళ్ళు తుడుచుకుని, "బల్ల ఉంచేద్దాం అత్తయ్యా" అంది. ఇవాళ పొద్దున దాన్ని తుడిచి, కిందామీదా చూశాను. మామయ్యగారు చెప్పినట్టే ఎక్కడా ఒక్క పుచ్చు లేదు, పగులు లేదు. ఆయన లెక్క తప్పలేదు, అదే నా బాధ. ఇంతలో మావాడు వచ్చి, "గోడ కాగితం రానీ అమ్మా, దీపం కూడా బిగించాక మొదలుపెడతాంలే" అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "రానీ ఏంటిరా రానీ! ముందు కూర్చోండి ఇద్దరూ!" అని గదమాయించి, ఇడ్లీలు పెట్టి ఎదురెదురుగా కూర్చోబెట్టాను. మావాడు కిటికీకేసి, కోడలు వాడికేసి. వాళ్ళు తింటుంటే గడప దగ్గర నిలబడి చూశాను. ఆ చెక్క ఆరడానికి కావలసినంత కాలం దొరికింది, మా అత్తయ్యగారు దాని ముందు కూర్చోవడానికే దొరకలేదు.