ఊపిరి అందేటట్టు ఉరుకుడు

అక్క కానిస్టేబుల్ పరుగు పరీక్షకు తయారవుతున్న రోజుల్లో, తెల్లవారగానే ఇద్దరం శామీర్‌పేట చెరువు కట్ట మీదికి వెళ్లేవాళ్లం. నేనప్పుడు మేడ్చల్‌లో ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. అక్క మొదట్లోనే వేగంగా ఉరికి, సగం దూరంలో కూలబడేది.

"కాళ్లు మండుతున్నయి చెల్లె. ఇగ నాతోని గాదు," అంది ఒకరోజు రొప్పుతూ.

ఆ వారమే కాలేజీలో శ్వాసక్రియ పాఠం అయింది. నాకు అర్థమైనంత చెప్పాను. ఆక్సిజన్ చాలినంత అందితే కణాలు గ్లూకోజును పూర్తిగా విడగొట్టి ఎక్కువ శక్తి తీస్తాయి. మరీ వేగంగా ఉరికితే కండరాలకు ఆక్సిజన్ చాలదు. అప్పుడు అవి ఆక్సిజన్ లేకుండానే కొంచెం శక్తి తీసుకుంటాయి, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది.

"గట్లయితే ఏం జెయ్యాలె?"

"మెల్లగ షురూ జెయ్యక్కా. ఊపిరి అందేటట్టు ఉరుకు."

అక్క నమ్మలేదు గానీ అలాగే చేసింది. కొన్నాళ్లకు కట్ట చివరిదాకా ఆగకుండా ఉరికింది. పరీక్షనాడు చాలామంది వెనకే మెల్లగా బయలుదేరి, గడువులోపే గీత దాటింది.

ఆ తర్వాత జరిగిన రాతపరీక్షలో మాత్రం తప్పింది. అయినా పొద్దున్నే కట్ట మీదికి వెళ్లడం మానలేదు. ఎందుకని బాపు అడిగితే, "మంచిగనిపిస్తాంది బాపు," అనేది.