ఒక బ్లేడుకి నలభై గడ్డాలు

మా బావగారు పోయి నెల దాటింది. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఆయన్ని దేవుడంటున్నారు. ఆయన షెడ్డులో పనిచేసినవాళ్ళు మరీనూ, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ అంటున్నారు. నేను తల ఊపుతున్నాను. ఆయన దేవుడు కాదు. మంచివాడు, మొండివాడు, తన పనితనం చూసుకుని తానే మురిసిపోయే మనిషి. ఆయన్ని నా అంతగా తిట్టుకున్నవాళ్ళు లేరు. నాకంటే దగ్గరగా చూసినవాళ్ళు కూడా అక్క తప్ప ఎవరూ లేరు. అక్క అంటే నా తోటికోడలు, ఆయన భార్య.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ, ఒకే షెడ్డు. క్లోరిన్ గ్యాసుని సిలిండర్లలోకి నింపే షెడ్డు అది. బావగారు అక్కడ మేస్త్రి. మా ఆయనకి పదేళ్ళప్పుడు తండ్రి పోతే పెంచి పెద్దచేసి, ఆ షెడ్డులో పని ఇప్పించింది బావగారే. అందుకని అన్నయ్య గీసిన గీత మా ఆయన దాటరు. పెళ్ళైన కొత్తలో ఆ గుణం చూసి నేను ముచ్చటపడ్డాను కూడా.

ఆ షెడ్డులోకి గడ్డంతో వెళ్ళకూడదు. ముఖానికి తొడుక్కునే రబ్బరు మాస్కు చర్మానికి అతుక్కుని ఉండాలి. మధ్యలో ఒక్కరోజు గడ్డం ఉన్నా చాలు, ఆ సందులోంచి గ్యాసు దూరుతుంది. అందుకే రోజూ పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు మేస్త్రి గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి దవడల మీదా, గడ్డం కిందా దూది ముక్కతో రాస్తాడు. పోగు చిక్కుకుందంటే ఆ మనిషి ఇంటికే, ఆ పూట పని లేదు. దీనికోసమే స్టోరువాళ్ళు మనిషికి వారానికొక బ్లేడు ఇచ్చేవారు. పాతకాలం రేజరులో పెట్టి బిగించుకునే రెండంచుల బ్లేడు.

వారానికో బ్లేడు పారేయడమంటే బావగారికి ఒళ్ళు మండేది. ఆ విషయం ఎత్తితే ఇక ఆపేవారు కాదు. షెడ్డులో ఆయన్ని బ్లేడు మేస్త్రి అనేవారు. వినేవాళ్ళ అవస్థ చూస్తే ఆ పేరు రెండు రకాలుగానూ సరిపోయేది.

"వాడడం చేతకాక బ్లేడుని తిడతార్రా. బ్లేడుని చంపేది గడ్డం కాదు, తడి," అనేవారు.

ఆయన పద్ధతి ఒక పెద్ద తతంగం. వెంట్రుక మెత్తబడాలని స్నానం అయ్యాకే గీసుకునేవారు. గీసుకునే ముందు వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు ముఖాన వేసుకుని మూడు నిమిషాలు ఉలకకుండా పలకకుండా కూర్చునేవారు. పని అయ్యాక రేజరు విప్పి, బ్లేడుని వేడినీళ్ళలో జాడించి, గుడ్డ తగలనివ్వకుండా విదిలించి ఆరబెట్టేవారు. అప్పుడు మొదలయ్యేది అసలు పని. ఒక గాజుగ్లాసు లోపలి గోడకి బ్లేడుని ఆనించి, రెండు వేళ్ళతో నొక్కి, అటూ ఇటూ ఇరవైసార్లు రుద్దేవారు. తిప్పి ఇంకో ఇరవైసార్లు. ఆ సరసరమనే చప్పుడుకే మా ఇంట్లో పిల్లలు నిద్ర లేచేవారు, గోడ అవతలి వాటాలోనే కదా వాళ్ళు ఉండేది. చివర్న ఒక నూనె చుక్క రాసి, దాని కాగితంలోనే మడిచి, కాగితం మీద పెన్సిలుతో ఒక గీత పెట్టేవారు. నలభై గీతలు పడితే గాని ఆ బ్లేడుకి విముక్తి లేదు.

ఈ నలభై వెనకున్న అసలు సంగతి నాకూ అక్కకీ తెలుసు. మా బావగారికి గడ్డమే లేదు. గడ్డం కొసన నాలుగు వెంట్రుకలు, పెదవి మీద కాస్త నలుపు, బుగ్గలు మాత్రం పసిపిల్లాడి బుగ్గలే. "మీ ఆయనకి బ్లేడెందుకక్కా, గట్టిగా ఊదితే రాలిపోతాయి" అని నేనంటే అక్క పొట్ట పట్టుకుని నవ్వేది. మా ఆయనది అలా కాదు. పొద్దున గీసుకుంటే సాయంత్రానికి కొబ్బరిపీచు. ఒక కడుపున పుట్టిన ఇద్దరికి అంత తేడా ఎలా వచ్చిందో మరి.

ఫ్యాక్టరీకి కొత్త మేనేజరు వచ్చాడు. వృథా తగ్గించాలని ఆయనకి పట్టుదల. ఒక మీటింగులో స్టోరు గుమాస్తా లేచి, మేస్త్రిగారు నెలన్నరకి ఒక్క బ్లేడే తీసుకుంటారని చెప్పాడు. అంతే, మేనేజరు మొహం వెలిగిపోయింది. మర్నాడు మధ్యాహ్నం క్యాంటీనులో షిఫ్టు మొత్తాన్నీ కూర్చోబెట్టి, బావగారిని గాజుగ్లాసు ముందు పెట్టుకుని అంతా చేసి చూపించమన్నారు. ఆయన చూపించారు. చప్పట్లు కొట్టారు, చేతిగడియారం ఇచ్చారు. ఒక బ్లేడుని నలభైసార్లు వాడవచ్చునని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ సాయంత్రం ఆయన వీధిలో నడుచుకుంటూ వస్తుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. మేమంతా సంబరపడ్డాం, నేను కూడా.

నెల తిరిగేసరికి నోటీసు అంటించారు. ఇకనుంచి మనిషికి నెలకొక బ్లేడు. ఎలా వాడాలో మేస్త్రి నేర్పిస్తాడు.

బ్లేడేమీ బజారులో దొరకని వస్తువు కాదు. చాలామంది గుట్టుగా కొనుక్కుని, మేస్త్రి ముందు మాత్రం గ్లాసు, నూనె అంటూ కబుర్లు చెప్పేవారు. కొనుక్కోనిది మా ఆయన ఒక్కరే. రెండో వారానికే ఆ బ్లేడు తెగేది కాదు, పీకేది. మెడంతా ఎర్రగా కందిపోయి, గడ్డం కింద గరుకు అలాగే ఉండిపోయేది. చూడలేక నేనే ఒక పెట్టె కొనితెచ్చి పంచదార డబ్బా వెనక పెట్టాను. ఆయన కంటపడింది.

"ఇవేంటి?"

"బ్లేడ్లు. కనపడట్లేదా?"

"వద్దు, తిరిగి ఇచ్చెయ్యి. అందరికీ నేర్పే మనిషి సొంత తమ్ముడే దొంగచాటుగా కొనుక్కుంటున్నాడని తెలిస్తే అన్నయ్య ఎంత చిన్నబుచ్చుకుంటాడు?"

"ఆయన గడ్డమూ మీ గడ్డమూ ఒకటేనా? ఆ మాట ఆయనతో చెప్పండి."

"నువ్వూరుకో."

ఊరుకున్నాను. ఆ మాట నేనే వెళ్ళి బావగారితో చెప్పొచ్చు. వంటింట్లో ఆయన మీద జోకులేసే నోరు ఆయన ఎదురుగా పెగల్లేదు. నా మీద నాకున్న కోపాల్లో ఇది మొదటిది.

తర్వాత మూడు నెలలకి ఒక పొద్దున, సిలిండరుకి తగిలించిన గొట్టం ఊడిపోయింది. షెడ్డంతా పచ్చటి పొగ కమ్మిందట. లోపల ఆరుగురున్నారు, ఆరుగురికీ మాస్కులున్నాయి. ఐదుగురు నడుచుకుంటూ బయటికొచ్చారు. మా ఆయన పాకుతూ వచ్చారు.

కంపెనీ ఆసుపత్రిలో నేను చూసేసరికి ఆయన కూర్చుని ఉన్నారు. పడుకుంటే ఊపిరాడదు. గుక్క తిప్పుకోవడానికి భుజాలు రెండూ పైకి లేస్తున్నాయి. కళ్ళు నావైపే ఉన్నాయి గాని నేను కనపడుతున్నానో లేదో తెలియదు. డాక్టరు ఊపిరితిత్తులు లోపల కాలిపోయాయని, ఎన్నాళ్ళో చెప్పలేమని, ఆక్సిజన్ తీస్తే మాత్రం కష్టమని చెప్పాడు. మాస్కు తెచ్చి పరీక్ష చేశారు, చిల్లు లేదు. కేసు కాగితంలో ఒక ముక్క రాశారు, గడ్డం సరిగా గీసుకోలేదని.

ఆ ముక్క అర్థం నాకు స్టోరు గుమాస్తా విడమరిచి చెప్పాడు. పొరపాటు పనివాడిదైతే కంపెనీ ఆసుపత్రిలో మంచం ఉండదు, ఆక్సిజన్ ఉండదు. బయట ఆసుపత్రిలో నెలల తరబడి ఉంచే తాహతు మాకు ఎక్కడిది? పది రోజుల్లో విచారణ.

"భయపడకండమ్మా, ఆ రోజు దూది పట్టుకోలేదని మేస్త్రిగారు ఒక్క మాట అంటే చాలు. పరీక్షలో నెగ్గిన మనిషిని ఎవరేం అనగలరు?" అన్నాడు.

ప్రాణం లేచొచ్చినట్టైంది. సరాసరి బావగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. ప్రమాదం జరిగినప్పటినుంచి షెడ్డు మూసే ఉంది. చెప్పాను. ఆయన నా మొహం చూడలేదు.

"సరే అనండి బావగారూ."

"చూస్తానమ్మాయ్."

"చూసేదేముంది? ఒక్క మాట కదా?"

"చూస్తానన్నాను కదా," అని లోపలికి వెళ్ళిపోయారు.

విచారణ రోజు నన్ను తలుపు పక్కన ఒక బల్ల మీద కూర్చోమన్నారు. ఎదురుగా మేనేజరు, ఇంకో ఇద్దరు అధికారులు, టైపు చేసే మనిషి. బావగారు లోపలికొచ్చారు. ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు కూడా గీసుకోకుండా గడప దాటని మనిషి గడ్డంతో వచ్చారు. గడ్డమంటే ఏముంది గనక, కొసన అక్కడొకటి ఇక్కడొకటి. బుగ్గలు నున్నగానే ఉన్నాయి.

"ఇదేం వేషం?" అన్నాడు మేనేజరు.

"ఇది నా పది రోజుల గడ్డం సార్. బాగా చూడండి. ఇలాంటి గడ్డం కాబట్టే నాకు నలభైసార్లు వచ్చింది. నా చేతి గొప్ప కాదు. మావాళ్ళకి ఒక్కరోజులో ఇంతకంటే ఎక్కువ పెరుగుతుంది. నా మొహం చూసి అందరికీ రూలు పెట్టారు. నేను సంతకం కూడా పెట్టాను. ఆ కాగితం తప్పు. దాన్ని చింపెయ్యండి."

ముప్పై ఏళ్ళ గొప్ప, తన నోటితో తానే తీసిపారేశారు. ఆ క్షణం నాకు ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. అది ఆ ఒక్క క్షణమే.

పక్కనున్న అధికారి అడిగాడు. "అదంతా తర్వాత. ఆ రోజు పొద్దున నీ తమ్ముడికి దూది పెట్టింది నువ్వేనా?"

"నేనే సార్."

"పట్టుకుందా?"

బావగారు నావైపు చూశారు. నేను రెండు చేతులూ జోడించాను. నిజంగానే జోడించాను, అందరి ముందూ.

"పట్టుకుంది సార్. గడ్డం కింద రెండు పోగులు. నా తమ్ముడే తప్పాడంటే నా పద్ధతికే మాట వస్తుందని గోటితో తీసేసి లోపలికి పంపించాను."

టైపు మిషను టకటకమని కొట్టుకుంది. గడ్డం గురించి ఆయన చెప్పిందేదీ ఆ కాగితంలోకి ఎక్కలేదు. ఎక్కింది ఆ రెండు పోగులే. పనివాడు నిబంధన పాటించలేదు, మేస్త్రి తెలిసీ వదిలేశాడు, కంపెనీ బాధ్యత లేదు. బయటికొచ్చాక నేను ఆయన మీద విరుచుకుపడ్డాను.

"లేదని ఒక్క మాట! అంత బరువైపోయిందా మీకు?"

"లేదంటే ఆ రూలు అలాగే ఉంటుందమ్మాయ్. నెలకో బ్లేడుతోనే గడ్డం నున్నగా తెగుతుందని రాసుకుంటారు. రేపు ఇంకొకడు పోతాడు."

"పోతే పోనివ్వండి! నాకెవరు వాళ్ళు?"

ఆ మాట అన్నందుకు సిగ్గుపడాలని తెలుసు. ఇప్పటికీ పూర్తిగా సిగ్గుపడలేకపోతున్నాను.

మూడో రోజు మా ఆయన్ని ఇంటికి పంపేశారు. బావగారి పని ఊడింది. రెండు నెలల తర్వాత చప్పుడు కాకుండా నోటీసు చింపేసి, మళ్ళీ వారానికో బ్లేడు ఇవ్వడం మొదలుపెట్టారట. ఆయన్ని దేవుడనేవాళ్ళు అందుకే అంటారు. వాళ్ళ లెక్కలో వాళ్ళది న్యాయమే.

ఎలాగో ప్రాణం నిలిచింది గాని, మా ఆయన చేతులకి రేజరు ఎత్తే సత్తువ కూడా పోయింది. ఇంటికొచ్చిన మర్నాడే బావగారు వేడినీళ్ళ చెంబుతో వచ్చారు. గోడకి దిండ్లు ఆనించి తమ్ముణ్ణి కూర్చోబెట్టి, తువ్వాలు వేసి, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఆగుతూ గీశారు. దగ్గు వస్తే రేజరు పక్కకి తీసి వీపు నిమిరేవారు. జేబులోంచి కొత్త బ్లేడు తీసి విప్పడం చూశాను. పని కాగానే దాన్ని కాగితంలో చుట్టి చెత్తలో వేశారు. మర్నాడు మళ్ళీ కొత్తది. ఆ మర్నాడూ అంతే. అన్నదమ్ములు మాత్రం ఏమీ మాట్లాడుకునేవారు కాదు. మా ఆయనకి మాట్లాడే ఊపిరి లేదు, బావగారికి మాట లేదు.

ఒకరోజు పని ముగించుకుని గుమ్మం దగ్గర ఆగారు. నేను చెంబు కడుగుతున్నాను.

"తప్పు నాదేనమ్మాయ్," అన్నారు.

కాదు అని ఒక్క మాట అనొచ్చు. అందరం చేశాం బావగారూ, నేనూ తెలిసి ఊరుకున్నాను, అని కూడా అనొచ్చు. అది నిజం కూడా. చెంబు బోర్లించి, తల ఎత్తకుండా నిలబడ్డాను. కాసేపు చూసి, రేపు వస్తానని చెప్పి వెళ్ళిపోయారు.

మర్నాడు వచ్చారు. ఆ తర్వాత రెండేళ్ళపాటు రోజూ వచ్చారు, తను పోయిన రోజు పొద్దున కూడా వచ్చారు. ఏ రోజైనా అనొచ్చు. నేను అనలేదు.