కిందికి దిగి పైకి రాని అద్దం

ఉదయగిరి హైస్కూల్లో నేను పదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. కరెంటు ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది అని వెతకడం ఏటా బోర్డు మీద గీసి పిల్లలకు చెప్పే పాఠమే. అందుకే ఆత్మకూరు మెకానిక్ షెడ్డులో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కారు నాది. మా అన్న ఏళ్ళ తరబడి వాడి, కొత్తది తీసుకుంటూ నాకు ఇచ్చేశాడు. మా ఆయన మండలాఫీసులో పనిచేస్తారు. ఆయనకు డ్రైవింగ్ రాదు, నేర్చుకోవాలని కూడా లేదు. ఎక్కడికి వెళ్ళినా స్టీరింగు దగ్గర నేను, పక్క సీట్లో ఆయన.

ఈ ఏడాది ఎండలు ముదిరే సమయానికి నా వైపు కిటికీ అద్దం మొరాయించింది. ఒక రోజు కిందికి దిగి, ఇక పైకి రాలేదు. ఆ బండిలో అద్దాల స్విచ్చులన్నీ రెండు ముందు సీట్ల మధ్య ఉంటాయి. మిగతా మూడు అద్దాలూ బాగానే పనిచేస్తున్నాయి కాబట్టి ఫ్యూజు పోలేదు. పక్క అద్దం స్విచ్చి ఊడదీసి దీనికి పెట్టి చూశాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంకోసారి స్విచ్చి మీద వేలు ఉంచే దిగబోతూ తలుపు తోశాను. తలుపు సగం తెరుచుకునేసరికి అద్దం గిర్రున పైకి లేచింది. మూసి నొక్కితే కదల్లేదు. మళ్ళీ సగం తెరిస్తే కదిలింది. నాలుగైదుసార్లు చేశాను, ప్రతిసారీ అంతే.

ఆ ఆదివారం ఇద్దరం ఆత్మకూరు వెళ్ళాం. షెడ్డు ఆయన యాభై దాటిన మనిషి, చుట్టుపక్కల మంచి పేరున్నవాడు. నేను తాళం చేతికిచ్చి విషయం చెప్పాను.

“అన్నా, డోరు సగం తెరిస్తే గ్లాసు పైకి వస్తా ఉండాది, మూసేస్తే రాలేదు. తీగ ఎక్కడో తెగిందేమో చూడు.”

ఆయన నా మాట విని మా ఆయన వైపు తిరిగాడు.

“పాత బండి కదా సార్. గ్లాసు మోటారు వీకయిపోయింటాది. కొత్తది వేసేస్తే మీకు బాధుండదు.”

“మోటారు పోతే డోరు తెరిచినప్పుడు మాత్రం ఎట్ట తిరగతాది?” అన్నాను.

“ఇట్టాంటి బండ్లు ఎన్ని చూసినానో సార్,” అన్నాడు, మళ్ళీ మా ఆయనతోనే.

అక్కడ మరో నలుగురు మగవాళ్ళు తమ బండ్ల కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ళూ మా ఆయన వైపే చూశారు. ఆయన ఒకసారి గొంతు సవరించుకుని, “సరే, వేసేయన్నా,” అన్నారు.

అక్కడ నోరు మూసుకున్నందుకు నా మీద నాకున్న కోపం వేరే.

కొత్త మోటారు పెట్టారు. ఆ పనిలో తెగిన తీగ కొసలు కదిలి ఎలాగో ఒకదానికొకటి ఆనినట్టున్నాయి, తలుపు మూసినా అద్దం ఆడింది. పది రోజులు గడవకముందే, కలిగిరిలో టీచర్ల మీటింగు ముగించుకుని ఒక్కదాన్నే వస్తుంటే మబ్బు పట్టింది. స్విచ్చి నొక్కాను. అద్దం రాలేదు. బండి ఆపి తలుపు తెరిచి నొక్కినా ఈసారి రాలేదు. వాన దంచి కొట్టింది. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ప్లాస్టిక్ సంచి కిటికీకి అడ్డం పట్టుకుని పోతుంటే ఎదురొచ్చిన లారీ గుంటలోని బురదనీళ్ళు నా మొహాన కొట్టింది. కళ్ళజోడు తుడుచుకుంటూ గట్టిగా తిట్టాను. లారీవాణ్ణి కాదు.

మర్నాడు పొద్దున్నే కారు తలుపు బార్లా తెరిచాను. తలుపుకూ బాడీకీ మధ్య, బందుల దగ్గర, ముడతలు ముడతలుగా ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. తలుపులోకి తీగలన్నీ దానిలోంచే పోతాయి. దాన్ని పక్కకు లాగి ఒక్కో తీగనూ వేళ్ళతో తడిమాను. ఒక లావు తీగ చేతికి రెండు ముక్కలుగా వచ్చింది. ఏళ్ళ తరబడి తలుపు తీస్తూ వేస్తూ ఉంటే, ఒకేచోట మడతపడి తెగిపోయింది. రాగి పచ్చబడి ఉంది. కొసలు గీకి, మధ్యలో చిన్న తీగముక్క కలిపి మెలిపెట్టి టేపు చుట్టాను. తలుపు మూసి స్విచ్చి నొక్కితే అద్దం చివరిదాకా లేచింది. గంట కూడా పట్టలేదు.

మా ఆయన కాఫీ తెచ్చి అరుగు మీద పెట్టారు.

“నువ్వు చెప్పింది నాకప్పుడే సబబుగా అనిపించిందిలే,” అన్నారు.

“మరి అప్పుడు చెప్పలేదేం?”

“అంతమందిలో ఆయన్ని కాదంటే నొచ్చుకుంటాడని.”

“నేను నొచ్చుకోనా?”

ఆయన నా మాట నమ్మకపోయి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదేమో. నమ్మి కూడా ఊరుకున్నారు.

తర్వాతి ఆదివారం ఒక్కదాన్నే ఆత్మకూరు వెళ్ళాను.

“సార్ రాలేదా?” అన్నాడు షెడ్డు ఆయన.

“బండి నాది, నేనొచ్చినాను. నా పాత మోటారు ఇయ్యి.”

“పాత సామాను ఏడ పడేసినామో మేడం.”

“దొరికిందాకా ఈడే కూర్చుంటా,” అని కుర్చీ లాక్కున్నాను. కాసేపటికి బల్ల కింది నుంచి తీసుకొచ్చాడు, శుభ్రంగా తుడిచి కవర్లో చుట్టి ఉంది. అక్కడే ఉన్న బ్యాటరీకి రెండు తీగలు తగిలించమన్నాను. మోటారు చక్కగా తిరిగింది. కూర్చున్నవాళ్ళు మాటలు ఆపి చూశారు. నేను కారు తలుపు తెరిచి తీగ తెగిన చోటు చూపించాను.

ఆయన వంగి చూశాడు. “ఈ బండ్లకి ఈడ తెగడం మామూలే మేడం.”

“తెలిసీ ఆ రోజు ఎందుకు చూడలేదు?”

“సార్ మోటారు వేసేయమన్నారు కదా,” అన్నాడు. ఏ సంకోచమూ లేదు ఆ గొంతులో.

మోటారు తీసుకుని వచ్చేశాను. ఇంట్లో ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆయన, “ఈసారి నేనొచ్చి గట్టిగా మాట్లాడతాను,” అన్నారు.

“మీరు మాట్లాడొద్దు,” అన్నాను. “ఎవరైనా నన్ను వదిలేసి మిమ్మల్ని అడిగితే, ఆమెనడగండి అనండి. అది చాలు.”

సరేనన్నారు. తర్వాత పెట్రోలు బంకులో ఒకసారి అన్నారు కూడా. నా కోపం మాత్రం ఇంకా పూర్తిగా తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.