వాగులో ఎర్రగుంపు

తండ్రి వెంట లారీలో కృష్ణా జిల్లా నుంచి కర్ణాటకలోని బాళగనూరు వచ్చేనాటికి శేషయ్యకు పద్నాలుగేళ్ళు. తుంగభద్ర కాలువ కింద వరి పండిస్తూ ఇక్కడే పెళ్ళాడి, ఇక్కడే అరవై దాటాడు. పొలం దిగువన చిన్న వాగుంది. పురుగుమందు కొట్టాక స్ప్రేయరు అందులోనే కడిగేవాడు. అందరూ అంతే.

పోయిన వానాకాలం ఒక ఉదయం భార్య హనుమాయమ్మ అతన్ని చెయ్యి పట్టుకుని వాగుకు తీసుకెళ్ళింది. తుంగగడ్డి పక్కన ఎర్రటి మరకలాంటిదేదో నీళ్ళలో కదులుతోంది. వంగి చూస్తే వడ్లగింజంత చేపపిల్లలు, వందల్లో. కింద నల్లగా తల్లి కొర్రమీను.

"ఎవరొచ్చినా పిల్లల్ని వదిలి పోదండి ఇది," అందామె మురిసిపోతూ.

మూడు రోజులు ఇద్దరూ పొద్దున్నే వెళ్ళి చూశారు. నాలుగో రోజు వరికి సుడిదోమ పట్టింది. మందు కొట్టి, ఎండకు అలసిపోయిన శేషయ్య అలవాటు కొద్దీ వాగులోనే స్ప్రేయరు కడిగేశాడు. సాయంత్రానికి పిల్లలన్నీ పాలిపోయి ఒడ్డుకు చేరాయి. తల్లి వాటి మధ్యే పక్కకొరిగి, మెల్లగా మొప్పలాడిస్తోంది.

"తిట్టవే నన్ను," అన్నాడు శేషయ్య.

"కావాలని చేశారేంటి?" హనుమాయమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇకనుంచి గట్టు మీద కడుగుదురుగాని. నీళ్ళు నేను మోస్తాను."

ఆమెను మొయ్యనివ్వలేదు. పొలం ఎగువన తనే ఒక డ్రమ్ము పెట్టి నింపాడు. కడిగిన నీళ్ళు మళ్ళీ తన వరి మీదే చల్లి, వారం రోజులు మడి నీరు వాగులోకి పోకుండా మట్టితో కట్టేశాడు.

పక్క పొలం శరణప్ప, ఈ ఊరివాడే, నవ్వాడు. "ఏంది శేషయ్యా, పక్కల్నే వాగుండంగ గింత కష్టమెందుకు?"

"చేపపిల్లల గుంపునంతా నా చేత్తో చంపాను శరణప్పా."

శరణప్ప నవ్వు ఆగిపోయింది. కాసేపు వాగు వైపు చూశాడు. "మా చిన్నప్పుడు గీ నీళ్ళే తాగెటోళ్ళం," అన్నాడు. తర్వాతిసారి తన స్ప్రేయరు ఆ డ్రమ్ము దగ్గరికే తెచ్చాడు.

ఈ ఏడు ఐదిళ్ళవాళ్ళు అక్కడే కడుగుతున్నారు. శేషయ్యకే వాగు దిగడానికి మొహం చెల్లలేదు.

"వాగులో మళ్ళీ నత్తలొచ్చాయండీ, ఒక్కసారి రండి," అని హనుమాయమ్మ ఎన్నిసార్లు పిలిచిందో. నిన్న వెళ్ళాడు. చెప్పులు గట్టున విడిచి, ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళలో పాకుతున్న నత్తల్ని చాలాసేపు చూశాడు.