పడమటి ఎండకు గాజు గోడ

2023 ఫిబ్రవరి. ఆత్మకూరు బస్టాండు వెనక సందులో నా ఆఫీసు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఇళ్ల ప్లాన్లు గీసి, కట్టడాలు చూసుకోవడం మొదలుపెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఆ రోజు ఇద్దరు మగవాళ్లు గడప దగ్గర నిలబడి లోపలికి తొంగిచూశారు. ఒకరు మాలకొండయ్య, ఉదయగిరి కొండ కింది పల్లెలో గొర్రెల మంద ఉన్న రైతు. రెండోవాడు ఆయన బావమరిది శీనయ్య, నెల్లూరులో టైల్స్ షాపులో పని.

"సారు లేరా?" అన్నాడు శీనయ్య.

"సారు ఎప్పుడూ లేరు. ఇంజనీరుని నేనే."

ఈ ప్రశ్న అడిగినవాళ్లు అరగంటలో మరిచిపోతారు. నేను మరిచిపోను.

శీనయ్య ఫోనులో ఒక ఇల్లు చూపించాడు. ఈ మధ్య మా వైపు కొత్తగా కట్టుకునే ప్రతివాళ్లూ అడుగుతున్న ఇల్లే అది. ఎలివేషన్, అంటే వీధిలోంచి కనిపించే ఇంటి ముఖం, పైనుంచి కిందిదాకా గాజు. లోపల డబుల్ హైట్ హాలు, అంటే మధ్యలో స్లాబు లేకుండా రెండంతస్తుల ఎత్తున ఒకటే గది. హాలుకూ వంటింటికీ మధ్య గోడ లేని ఓపెన్ కిచెన్. ముఖం కనిపించేంతగా మెరిసే విట్రిఫైడ్ టైల్స్. వసారా మాత్రం లేదు.

మాలకొండయ్య స్థలం పడమర ముఖం. అదే చెప్పాను. "మధ్యాహ్నం రెండు దాటితే ఎండంతా ఈ గాజు మీదే పడుతుంది. ఇది ఫిక్స్‌డ్ గ్లాస్, తెరవడానికి రాదు. లోపలికి వచ్చిన వేడి లోపలే ఉండిపోతుంది. ఓపెన్ కిచెన్ కూడా వద్దు. తాలింపు పెడితే హాలంతా దగ్గులే."

శీనయ్య నవ్వాడు. "మేడం, మీరు గీసే ఇళ్లన్నీ పంచాయతీ ఆఫీసుల మాదిరి ఉంటాయంట గదా. ఏసీ ఒకటి పెట్టినామంటే వేడి యాడిదాకా వస్తాది?"

మాలకొండయ్య ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "వాడు నెల్లూరులో ఉండాడు గదమ్మా. ఇట్టాంటివి వాడికి తెలస్తాయి."

అడిగినట్టే గీశాను. అయితే నా రెండు అభ్యంతరాలూ డ్రాయింగు అంచున ఎర్ర సిరాతో రాసి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాను. పునాదికి ఒకసారి, స్లాబుకు ఒకసారి వెళ్లి చూసొచ్చాను. రెండుసార్లూ మాలకొండయ్య భార్య రవణమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి, గ్లాసు తీసుకొని వెళ్లిపోయింది.

మరుసటి ఏడు మార్చిలో గృహప్రవేశం జరిగింది. మేస్త్రికి కొత్త బట్టలు పెట్టారని తెలిసింది. నాకు కనీసం ఫోను కూడా రాలేదు.

ఏప్రిల్లో మాలకొండయ్య ఒక్కడే వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఇంటికి తాళం ఏసినామమ్మా. మా ఆడమనిషి ఆ ఇంట్లో కాలు పెట్టనంటాండాది. పొయ్యి తీసుకోని పాత పాకలోకి పోయింది."

సంగతి ఇది. మంద మేతకు కొండెక్కితే, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలు ఇంటి దగ్గరే ఉంటాయి. నీడన గంపలు బోర్లించి, వాటి కింద పిల్లల్ని మూస్తారు. వాటిని కనిపెట్టుకొని ఉండేది రవణమ్మే. కొత్త ఇంటి ముందు నీడ లేదు. అందుకని గంపలు హాల్లో పెట్టుకుంది. ఒక మధ్యాహ్నం ఆమె చేనికి వెళ్లినప్పుడు కరెంటు పోయింది, ఏసీ ఆగింది. తిరిగొచ్చేసరికి మూడు పిల్లల్లో ఒకటి చచ్చిపోయి ఉంది. గంప ఎత్తితే మిగతా రెండూ ఒగరుస్తూ, నున్నటి టైల్స్ మీద కాళ్లు నిలవక జారి పడుతున్నాయి.

నిజం చెప్పాలి. ఇదంతా విని నేను ముందు చేసిన పని, బీరువాలోంచి ఆ ఎర్ర సిరా కాగితం తీసి ఆయన ముందు పెట్టడం.

"నువ్వు చెప్పినావు, మేం ఇనలేదు. ఇప్పుడేం జెయ్యాలో చెప్పమ్మా," అన్నాడాయన.

"శీనయ్య వచ్చి అడగాలి. అప్పుడే వస్తాను."

శీనయ్య రావడానికి వారం పట్టింది. ఆ వారమంతా నేను నా పట్టు గురించే ఆలోచించాను. వచ్చి గడపలోనే నిలబడ్డాడు. "రాండి మేడం. మా అక్క నాతో మాట్లాడ్డం మానేసింది," అన్నాడు. అది క్షమాపణ కాదు. అయినా వెళ్లాను.

పాకలో రవణమ్మ సంగటి కెలుకుతోంది. తల ఎత్తలేదు.

"ఎవురు, ప్లాను గీసినామెనా?"

"అవునమ్మా."

"రెండుసార్లు వచ్చినావు. మజ్జిగ తాగినావు. నీకేం గావాలని నన్ను ఒక్క మాటన్నా అడిగినావా మే? వాళ్లంటే మొగోళ్లు. నీకేమొచ్చింది?"

నన్నెవరు ఎప్పుడు ఏమన్నారో తేదీలతో సహా చెప్పగలను. నేను ఒకరిని చిన్నచూపు చూశానని మాత్రం ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

"ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పమ్మా," అన్నాను.

ఆమె సంగటి దించి, తాళం తీసి, నన్ను కొత్త ఇంట్లోకి తీసుకెళ్లింది. నేరుగా వంటింట్లో నిలబడింది.

"ఈడ గోడ లేకపోవడం బాగుండాది. పొయ్యి కాడ నిలబడితే వాకిలి దాకా కనపడతాది. గంపలు ఆడ, నేను ఈడ. కానీ ఆడ నీడేదీ? కాలు జారని నేలేదీ?" అని, నా వైపు తిరిగింది. "ఈడ గోడ కట్టాల్సిందేనని రాసింది నువ్వేనంట గదా!"

శీనయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వాడు. నా రెండు అభ్యంతరాల్లో ఒకటి తప్పని తేలింది. ఎర్ర సిరాతో రాసిన తప్పు.

గాజు ముందు ఎనిమిదడుగుల వెడల్పున వసారా దించాం. నేలకు గరుకు కడప రాయి పరిచాం. పై గాజు చాలావరకు తీసేసి జాలీ కట్టాం. జాలీ అంటే రంధ్రాలున్న మట్టి ఇటుకల గోడ, ఎండను విరిచి గాలిని మాత్రం రానిస్తుంది. పైకప్పు కింద రెండు వెంటిలేటర్లు పెట్టాం. వాటితో ఆ డబుల్ హైట్ మాకు పనికొచ్చింది. వేడి పైకెక్కి బయటికి పోసాగింది. ముందరి మెరుపు టైల్స్‌ను శీనయ్యే దగ్గరుండి పీకించాడు. మళ్లీ ముహూర్తం పెట్టిద్దామని భర్త అంటే, "పాలు ఒకసారి పొంగినాయి చాలు," అని రవణమ్మ సంగటి కుండతో నడిచి వచ్చేసింది.

తర్వాతి ఏడు మే నెలలో అటు వెళితే, వసారాలో గంప ఎత్తి చూపించింది. నాలుగు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి.

"ఈ ఎండలకు ఒక్కటీ పోలేదు మే," అంది.

శీనయ్య ఆ వసారా ఫొటో తన షాపుకు వచ్చేవాళ్లందరికీ చూపిస్తున్నాడట. చేజర్ల నుంచి ఇద్దరు, కలువాయి నుంచి ఒకరు అలాంటిదే కావాలని వచ్చారు. నాకు చెప్పాల్సిన మాట ఒకటి ఇంకా బాకీ ఉన్నాడు. ఎదురు చూస్తూనే ఉన్నాను.

కొత్త పోకడలంటే నాకిప్పుడు కోపం లేదు. గాజు, జాలీ, ఓపెన్ కిచెన్, ఏదైనా గీస్తాను. అయితే పగలంతా ఆ ఇంట్లో ఉండే మనిషి వచ్చి నా ఎదురుగా కూర్చోవాలి. అప్పటిదాకా పెన్సిలు ముట్టను. "ఆమెకేం తెలుసు మేడం, మేం చెప్తాం గదా," అనే మొగుళ్లు బయట బెంచీ మీద కూర్చుంటారు. బెంచీ ఈ మధ్య ఖాళీగా ఉండటం లేదు.