మిరప చేలో ఉయ్యాల

మైలవరం డ్యాము కనిపించేంత దగ్గర్లోనే మా బడి. ఆ నీళ్లు మాత్రం ఊరి మెట్ట చేలకు ఎక్కవు. శనక్కాయ పంట పోయిన ఏడల్లా సగం ఊరు కూలీల మేస్త్రీ వెంట లారీ ఎక్కి గుంటూరు వైపు మిరప కోతలకు పోతుంది. నేను ఆ బడిలో టీచరుగా ఉన్నన్నాళ్లూ, కోతల కాలం వస్తే నా తరగతి గది బోసిపోయేది.

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. చదవమంటే వీధి చివరికి వినపడేలా చదివేది. ఆ పిల్లనైనా ఆపాలని, వలసపోయేవాళ్ల పిల్లల కోసం జమ్మలమడుగులో పెట్టిన హాస్టల్లో సీటుకు కాళ్లరిగేలా తిరిగాను. సీటు వచ్చింది. సంబరంగా వాళ్లింటికి పోతే, పాలు మరవని కొడుకును చంకనేసుకుని తల్లి మూటలు కడుతోంది.

"పాపను ఆడ ఇడిస్తే వీనికి ఉయ్యాల ఎవురు ఊపుతారు మేడమ్?" అంది.

చేని గట్టున చెట్టుకు చీర కట్టి తమ్ముణ్ణి అందులో వేస్తారు. అక్క ఊపుతూ కూర్చుంటే తల్లి సాళ్లలో కాయ కోస్తుంది. మా వైపు నుంచి పోయేవాళ్ల కోతలన్నీ ఇలాగే సాగుతాయి.

"అక్కడ అంగన్‌వాడీ ఉంటుంది కదమ్మా" అన్నాను.

"పోయినేడు అడిగితిమి. మీ పేర్లు మీ ఊర్లో ఉండాయి, ఆడికే పోండి అనిరి."

పేరు ఇక్కడ, కడుపు అక్కడ. గుడ్డూ పాలూ పేరుకు పెడతారా, కడుపుకు పెడతారా? ఇదే మాట మీటింగులో అడిగాను. విద్యాశాఖ పెద్ద సారు నవ్వి, "వాళ్లలో అవగాహన లేదు మేడమ్" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పసివాణ్ణి ఒంటరిగా వదలకూడదని ఆమెకు తెలుసు. వాడొకడున్నాడని తలవకుండా హాస్టలు తెరిచింది మేమే.

ఎండలు ముదిరాక ఆ పిల్ల తిరిగొచ్చింది. చదవమంటే ఒక్కో అక్షరం దగ్గరా ఆగి నా ముఖం చూసింది. అయినా పై తరగతికి పంపేశాం. ఏ అధికారికీ నిద్ర చెడలేదు.

మరుసటి ఏడాదికి తమ్ముడు నడక నేర్చాడు. ఇక ఉయ్యాల అడ్డు లేదు కదా అని లారీ రాకముందే మళ్లీ సీటు ఖాయం చేసి, ఆ పిల్లను పిలిచి చెప్పాను.

"అవును మేడమ్, ఉయ్యాల పని లేదు" అంది ముఖం వెలిగిపోతుంటే. "ఈయేడు నేను గూడా కాయ కోస్తా. మేస్త్రీ ఒప్పుకున్యాడు."