వాళ్ళ నాన్న పేరు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. గుడివాడలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ప్రభుత్వ పథకాల మీద వచ్చే నివేదికలనే నమ్మను, ఇక దయ్యాలెంత. అయినా ఆ మధ్యాహ్నం జరిగింది జరిగినట్టే చెబుతాను.

విదేశీ విద్యార్థుల మార్పిడి పథకం ఎలా నడుస్తోందో చూసి రమ్మని ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీని బందరు దగ్గర ఒక కాలేజీకి పంపింది. అందులో నేనొకణ్ణి. పథకం ప్రకారం మన పిల్లలు అక్కడికి వెళ్ళి, అక్కడి పిల్లలు ఇక్కడికి వచ్చి చదవాలి. మనవాళ్ళు వెళ్ళారు, వచ్చారు. ఇథియోపియా నుంచి వచ్చిన కుర్రాడు మాత్రం తిరిగి వెళ్ళలేదు. హాస్టల్లో కామెర్లు ముదిరి చనిపోయాడు.

అతని పేరు దావిత్ తెస్ఫాయె. వాళ్ళ దేశంలో ముందు సొంత పేరు, వెనక తండ్రి పేరు. మనకేమో ఇంటిపేరు ముందు. కాబట్టి దావిత్ అన్నది ఇంటిపేరని కాలేజీ తీర్మానించింది. ఉన్నన్నాళ్ళూ అతన్ని తెస్ఫాయె అనే పిలిచారు. మొదట్లో సరిదిద్దాడట, తర్వాత మానేశాడట.

పోయాక ఇథియోపియాలో వాళ్ళింటికి ఫోన్ చేసి, తెస్ఫాయె చనిపోయాడని చెప్పారు. ఫోనెత్తినాయనే తెస్ఫాయె. తాను బతికే ఉన్నానని ఆయన కాసేపు వాదించాడట.

ఈ వ్యవహారాలన్నీ చూసింది కోఆర్డినేటర్ రాజశేఖరం గారు. మర్యాదస్తుడు. మేం 'సంతృప్తికరం' అని రాస్తే పథకం కొనసాగుతుంది, ఆయన దానికి డైరెక్టరవుతారు. మా ముందు బందరు లడ్డూలు పెట్టించారు. మూల్యాంకనానికి అవీ అవసరమే.

దావిత్‌తో కలిసి ల్యాబ్ చేసిన హసీనా అనే బందరు అమ్మాయిని పిలిచాం.

"కళ్ళు పచ్చబడ్డాయని ముందే చెప్పామండీ. అప్పట్లో తనిఖీకి రావాల్సిన ఢిల్లీ వాళ్ళు చూసి వెళ్ళేదాకా ఆసుపత్రి మాటెత్తొద్దన్నారు సార్," అంది.

రాజశేఖరం గారు నవ్వారు. "చిన్నపిల్ల, బాధలో ఉందండీ. తెస్ఫాయెని సొంత బిడ్డలా చూసుకున్నాం."

"దావిత్ సార్. తెస్ఫాయె వాళ్ళ నాన్న."

"ఏదో ఒకటిలేమ్మా. ఇప్పుడు పేరుతో పనేముంది."

నేను కల్పించుకుని, రాజశేఖరం గారితో, "దీనికి మీరేమంటారు పూర్ణయ్యగారూ?" అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. పూర్ణయ్య ఎవరో నాకు తెలియదు. ఆ పేరు నా నోటికెలా వచ్చిందో అంతకన్నా తెలియదు.

"మా నాన్నగారండీ," అన్నారాయన. "పోయి చాలా కాలమైంది. మీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఇంతలో టీ తెచ్చిన అటెండరు, "పూర్ణయ్యగారూ, మీకు చక్కెర లేకుండానే కదండీ," అన్నాడు. అతను అప్పుడే కిందనుంచి వచ్చాడు, మా మాటలు వినే అవకాశం లేదు. తర్వాత తొంగిచూసిన ప్రిన్సిపాలూ అదే పేరుతో పలకరించారు. కమిటీలో తెలుగు రాని ఢిల్లీ మేడమ్ కూడా "మిస్టర్ పూర్ణయ్య" అని ఏదో అడిగింది.

"రాజశేఖరం అండీ, రాజశేఖరం," అని ఆయన ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పారు. అందరూ తలూపారు. తలూపి, మళ్ళీ పూర్ణయ్యగారనే అన్నారు.

చివరికి ఆయన హసీనా వైపు తిరిగారు. "దావిత్. దావిత్ అమ్మా. ఢిల్లీ వాళ్ళ కోసం ఆగమన్నది నేనే. తప్పు నాదే."

"థాంక్యూ పూర్ణయ్య సార్," అని హసీనా లేచి వెళ్ళిపోయింది.

మేం 'సంతృప్తికరం' అని రాయలేదు.

ఈ మధ్య గుడివాడ బస్టాండులో ఆయన కనిపించారు. అసలు పేరు మనసులో బాగా అనుకుని మరీ పిలిచాను. బయటికొచ్చింది పూర్ణయ్యే. ఆయన సరిదిద్దలేదు. "బాగున్నారా అండీ," అంటూ వచ్చి పక్కన కూర్చున్నారు.

ఇదెలా జరుగుతోందో నాకిప్పటికీ అంతుబట్టలేదు. కాకతాళీయం అనడానికి నా సబ్జెక్టు ఒప్పుకోదు. పోనీ జాలిపడదామని చూశాను. అదీ ఎందుకో కుదరలేదు.